సూడాన్‌కి ఆఫీసు తరఫున సాయం పంపాలంటే ఎలా?

కమ్మనహళ్ళి కుర్రోడు:
మా బిల్డింగ్‌లో పై అంతస్తులో ఇద్దరు సూడాన్ అబ్బాయిలుంటారు, ఇక్కడ బెంగళూరులోనే చదువు. 2023 ఏప్రిల్ 15న అక్కడ సైన్యానికీ ఆర్ఎస్ఎఫ్ అనే పారామిలిటరీ దళానికీ యుద్ధం మొదలయ్యాక ఇంటి నుంచి డబ్బు సరిగ్గా రావట్లేదు, అద్దె గురించి ఓనర్ ఆంటీతో రెండుసార్లు నేనే మాట్లాడి గడువు అడిగా. మొన్న ఆఫీసులో ఈ మాట వస్తే మేనేజర్ "సీఎస్ఆర్ బడ్జెట్ (కంపెనీ సమాజసేవకి పెట్టే డబ్బు) మిగిలింది, అది పంపుదాం, పాత బట్టలూ మందులూ కూడా పోగేద్దాం" అన్నాడు. అందరూ హుషారుగా ఉన్నారు, చెయ్యాల్సింది నేను కాబట్టి నాకు టెన్షన్. ఎవరైనా చేశారా?

లెక్కల మాస్టారు:
సీఎస్ఆర్ సంగతి మర్చిపోండి. కంపెనీల చట్టం సెక్షన్ 135 కింద లాభాల్లోంచి పెట్టే 2 శాతం మన దేశంలో ఖర్చు పెడితేనే లెక్కకొస్తుంది. బయటి దేశంలో చేసిన దానికి ఒక్క మినహాయింపే ఉంది, అది మన క్రీడాకారుల శిక్షణకి! ఉద్యోగులు ఎవరికి వారు సొంత డబ్బు పంపాలనుకుంటే ఎల్ఆర్ఎస్ (విదేశాలకి డబ్బు పంపే ఆర్బీఐ పథకం) కింద ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా పంపొచ్చు, కానీ విదేశీ సంస్థకి నేరుగా ఇస్తే 80జీ (విరాళానికి వచ్చే పన్ను మినహాయింపు) రాదు. ముందు మీ సీఏని అడగండి.

వేలచేరి వాసి:
బట్టలు మాత్రం వద్దు బ్రదర్, దండం పెడతా. 2015 చెన్నై వరదలప్పుడు మా వీధిలో సాయం పంచాం, వచ్చిన బట్టల్లో చిరిగినవే ఎక్కువ, చివరికి వాటిని పారేయడం ఇంకో పెద్ద పని అయింది. అది మన ఊళ్ళో, మన వీధిలో. సూడాన్‌లో పోర్ట్ సూడాన్ రేవు తూర్పున ఒక మూల, డార్ఫుర్ ప్రాంతం పడమర ఇంకో మూల, మధ్యలో యుద్ధం. పక్క దేశం చాద్ వైపు నుంచి డార్ఫుర్‌కి వెళ్ళే ఆద్రే సరిహద్దు దారిని 2024 ఫిబ్రవరిలో మూసేసి ఆగస్టులో గానీ తెరవలేదు, అదే ఆగస్టులో డార్ఫుర్‌లో ఇళ్ళు వదిలొచ్చినవాళ్ళు ఉండే జంజం శిబిరంలో కరువు ఉందని తేల్చారు. లారీలే వెళ్ళలేని చోట తిండి పెట్టింది అక్కడి కుర్రాళ్ళు నడిపే వీధి వంటశాలలు, వాటిని తకాయా అంటారు. బయటి దేశాల్లో ఉన్నవాళ్ళు బంకక్ అనే ఫోన్ యాప్‌లో డబ్బు వేస్తే వీళ్ళు ఆ పూటకి పప్పు కొని వండుతారు. 2025 జనవరిలో అమెరికా సాయం ఆపేశాక చాలా మూతపడ్డాయి.

నిప్పుకోడి:
కంపెనీల దయ గురించి కూడా ఒక మాట. కూల్‌డ్రింకుల్లో వాడే గమ్ అరబిక్ (ఒక రకం చెట్టు బంక) ప్రపంచంలో ఎక్కువ భాగం సూడాన్‌దే. యుద్ధం వచ్చాక కూడా ఆ సరుకు దొంగదారుల్లో బయటికొస్తూనే ఉంది. బంకకి దొరికిన దారి బియ్యం బస్తాకి దొరకదేంటో.

కమ్మనహళ్ళి కుర్రోడు:
థాంక్స్ అందరికీ. మేనేజర్‌కి చెప్పేశా, బట్టల డబ్బా తీసేశారు. తకాయా గురించి పై అంతస్తు అబ్బాయిల్ని అడిగితే నవ్వారు. సూడాన్‌లో ఒమ్‌దుర్మాన్ ఊళ్ళో వాళ్ళ వీధిలోనే ఒకటి నడుస్తోందట, సౌదీలో ఉన్న అన్నయ్య వీళ్ళకి పంపాల్సిన దాంట్లో సగం అటే వేయమని వీళ్ళే చెప్పారట. అద్దె ఎందుకు ఆలస్యమవుతోందో ఇప్పుడు అర్థమైంది. ఆంటీకి ఎలా చెప్పాలో ఆలోచిస్తున్నా.