నెల్లూరు నుంచి ఓరియన్ నెబ్యులా: చుక్కలు గీతలవుతున్నాయి, ఆపైన మసక

పెన్నాగట్టు:
కెనాన్ 1500డి, 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్, ట్రైపాడ్. గొల్లకావడి కింది నెబ్యులాను (వాయుమేఘాన్ని) ఐఎస్ఓ 3200లో 30 సెకన్లు తీస్తే చుక్కలన్నీ గీతలు, మూలల్లో వాటికి రెక్కలు, ఆకాశమంతా నారింజ. అరగంటకి ఫోటో మొత్తం మసక. చుక్కల వెంట కెమెరాని తిప్పే ట్రాకర్ కొనాల్సిందేనా? దాన్ని గురిపెట్టుకోడానికి కావాల్సిన ధ్రువనక్షత్రం మా డాబా మీంచి కనపడదు.

కనిగిరి_చుక్కలు:
కొనేముందు లెక్క చూడండి. ఈ కెమెరాకి 50 ఎంఎం పెడితే ఒక్కో పిక్సెల్‌లో పట్టేది సుమారు 15 ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు). ఓరియన్ దగ్గర చుక్కలు జరిగేదీ సెకనుకి అంతే. మీ 30 సెకన్లలో 30 పిక్సెళ్ల గీత పడక ఏం చేస్తుంది! 3 సెకన్లకి దించండి. ఎఫ్/2.8 పెడితే రెక్కలు చాలావరకు పోతాయి. ఐఎస్ఓ 1600, రా ఫార్మాట్, 400 ఫ్రేములు. వందకోసారి నెబ్యులాని మధ్యకి తెచ్చుకోండి. ఆటోఫోకస్ ఆపేసి, లైవ్ వ్యూ 10 రెట్లు పెంచి సిరియస్ మీద ఫోకస్ చెయ్యండి.

చివర్లో మూత పెట్టి అదే ఐఎస్ఓ, అదే 3 సెకన్లతో 20 డార్కులు (సెన్సర్ మచ్చలు తీసెయ్యడానికి వాడే చీకటి ఫోటోలు). ఫోకస్ కదపకుండా లెన్స్ మీద తెల్ల బనియన్ గుడ్డ కప్పి, తెల్లారే వెలుగులో 20 ఫ్లాట్లు (మూలల చీకటి, దుమ్ము మచ్చలు సరిచేసే ఫోటోలు). సిరిల్ సాఫ్ట్‌వేర్ ఉచితమే, అందులో ఫ్రేములన్నీ ఒకటిగా కలిపి స్టాక్ చెయ్యండి. నారింజ రంగుని బ్యాక్‌గ్రౌండ్ ఎక్స్‌ట్రాక్షన్ తీసేస్తుంది, ఊరి వెలుగు తెచ్చిన నాయిస్ మాత్రం ఉండిపోతుంది. 6000 పిక్సెళ్ల వెడల్పులో నెబ్యులా 250 పిక్సెళ్లే, పెద్దగా ఆశపడొద్దు.

ఉదయగిరి_దారి:
మసక మంచు వల్ల. తుడవొద్దన్నా, సముద్రపు గాలి ఉప్పుంటే కోటింగ్ గీసుకుపోద్ది. పవర్ బ్యాంకుతో నడిచే డ్యూ హీటర్ పట్టీని లెన్స్ ముందంచుకి చుట్టి, మంచు పట్టకముందే ఆన్ చెయ్యి. ఏసీ గదిలోంచి కెమెరాని నేరుగా బయటికి తేవొద్దు, సంచిలోనే అరగంట ఉంచు. మైపాడు వైపు తూర్పు చీకటిగా ఉన్నా తేమ ఎక్కువ. అమావాస్య రోజుల్లో ఉదయగిరి వైపు రావడం మేలు.

పెన్నాగట్టు:
తర్వాత ట్రాకర్ తీసుకుంటే ధ్రువనక్షత్రం లేకుండా ఎట్టా?

కనిగిరి_చుక్కలు:
మన దగ్గర అది 14 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, మబ్బు మసకలో కలిసిపోద్ది. ఫోన్ దిక్సూచితో ఉత్తరం, లెవెల్ యాప్‌తో ట్రాకర్ అక్షానికి 14.4 డిగ్రీల వాలు పెట్టండి. ఫోన్‌ని కారుకీ ట్రైపాడ్ ఇనుముకీ దూరంగా పట్టుకోండి. 2 డిగ్రీలు తప్పినా 50 ఎంఎంలో 30 సెకన్లకి జరిగేది ఒక పిక్సెలే. 200 ఎంఎం లెన్స్‌కి మాత్రం ఇది చాలదు.

ఉదయగిరి_దారి:
గుర్రపుతల, రోజెట్ నెబ్యులాల జోలికి ఇప్పుడే పోవద్దు. మామూలు కెమెరా ఫిల్టరు వాటి నుంచి వచ్చే 656 నానోమీటర్ల ఎరుపుని చాలావరకు ఆపేస్తుంది. ఏప్రిల్ మొదట్లో రాత్రి పదికి దక్షిణాన కెరీనా నెబ్యులా 16 డిగ్రీల ఎత్తుకొస్తది, దాన్ని పట్టు. ఢిల్లీ వాళ్లకి అది నేలబారునే ఉంటుంది.