మొహం ఫోటో లేని వాళ్ల దగ్గర కొంటారా?

పాతలెన్సు: ఆన్‌లైన్‌లో సెకండ్‌హ్యాండ్ కెమెరా లెన్స్ కోసం వెతుకుతున్నా. అమ్మేవాళ్లలో చాలామంది ప్రొఫైల్‌లో గులాబీ పువ్వో కారు బొమ్మో పెట్టుకున్నారు. మొహం చూపించడానికి ఏంటంట ఇబ్బంది? మొహం లేని ప్రొఫైల్‌కి నేనైతే అడ్వాన్స్ పంపను.

కుట్టుమిషను: మొహం చూస్తే దొంగో దొరో తెలిసిపోతుందా అండీ? 2006లో విల్లిస్, టొడొరొవ్ అనేవాళ్లు చేసిన ప్రయోగంలో సెకనులో పదో వంతు చూపించినా జనం వీళ్లని నమ్మొచ్చు, వీళ్లని నమ్మకూడదు అని తేల్చేశారు, ఇంకాసేపు చూపిస్తే ఆ మాట పెద్దగా మారలేదు, ధీమా మాత్రం పెరిగింది.

పాతలెన్సు: తేల్చేస్తారు కాబట్టే పెట్టమంటున్నా. ఇళ్లు రోజుల లెక్కన అద్దెకి దొరికే సైటు ఎయిర్‌బీఎన్‌బీ మీద 2016లో వచ్చిన పరిశోధన చూడండి, నమ్మకంగా కనిపించే ఫోటో ఉన్న ఓనర్ల ఇళ్లకి రేటు ఎక్కువ పలికింది. లాభం మీకే.

గులాబీ77: పువ్వు పెట్టుకుంటే తప్పేంటి?

పాతలెన్సు: తప్పనలేదు. కొనను అన్నా.

కుట్టుమిషను: లాభం అందరికీ కాదు. అమెరికాలో ఐపాడ్ (పాటలు వినే చిన్న పరికరం) అమ్మకం ప్రకటనలతో ఒక ప్రయోగం చేశారు, 2013లో అచ్చయింది. ఫోటోలో ఐపాడ్ పట్టుకున్న చెయ్యి నల్లగా ఉంటే తెల్ల చేతికంటే 13 శాతం తక్కువ మంది స్పందించారు. మొహం కూడా కాదు, ఒట్టి చెయ్యి! నేను బ్యాగులు కుట్టి అమ్ముతాను. ఫోటో ఉన్నన్నాళ్లు బ్యాగు గురించి అడిగినవాళ్లకంటే ఒక్కరే ఉంటారా, నంబరిస్తారా అని అడిగినవాళ్లే ఎక్కువ. తీసేశాక పీడ వదిలింది.

పాతలెన్సు: ఎవడో వెధవ మెసేజ్ పెట్టాడని నేను డబ్బు పోగొట్టుకోవాలా? నా దగ్గర లెన్స్‌కని డబ్బు తీసుకుని ఒకడు అకౌంట్ మూసేసి పోయాడు, తెలుసా?

గులాబీ77: వాడి ప్రొఫైల్‌లో మొహం ఉందా బ్రో?

పాతలెన్సు: ఉంది. అది వాడిది కాదు, ఇంకెవరిదో కొట్టేసి పెట్టాడు. అందుకే అసలు మొహం కావాలంటున్నా.

కుట్టుమిషను: అసలుదని ఎలా కనిపెడతారు? 2022లో నైటింగేల్, ఫరీద్ అనే పరిశోధకులు పరీక్షిస్తే కంప్యూటర్ పుట్టించిన మొహాలే నిజం మనుషులకంటే కాస్త ఎక్కువ నమ్మకంగా ఉన్నాయన్నారు జనం.

పాతలెన్సు: మీ అందం చూడాలని కాదండీ బాబూ! డబ్బు పోతే పట్టుకోడానికి ఒక మనిషి కావాలి నాకు.

కుట్టుమిషను: ఆ మాట మొదటే అనాల్సింది. అది సైటు పని. ఐడీ వాళ్లు తీసుకుని దాచుకోవాలి, సరుకు చేరేదాకా డబ్బు వాళ్ల దగ్గరే ఆపాలి. దానికి నా మొహం ఊరందరికీ చూపించక్కర్లేదు. ఎయిర్‌బీఎన్‌బీ కూడా 2018లో మార్చింది, బుకింగ్ ఒప్పుకున్నాకే ఓనర్‌కి గెస్ట్ ఫోటో కనిపిస్తుంది.

పాతలెన్సు: మరి సైటుకి ఐడీ ఇస్తారా మీరు?

కుట్టుమిషను: ఎప్పుడో ఇచ్చాను. కొనేవాళ్లూ ఇవ్వాలంటాను. నాకు ఆ మెసేజ్‌లు పెట్టినవాళ్లెవరికీ మొహాల్లేవు.

పాతలెన్సు: కొనేవాడెందుకివ్వాలి? ముందు డబ్బు కట్టేది వాడేగా!