పాకెట్ పిస్టల్ రీకాయిల్ స్ప్రింగ్: రెండు పౌండ్లు గట్టిది వేయించొచ్చా?

లాసన్స్‌బే:
వాల్తర్ పీపీకే, .32 బోరు, పాతది. ఎన్నికల కోడ్ అప్పుడు జమ చేసి వెనక్కి తెచ్చుకున్న దగ్గర్నుంచి ఒకటే తంటా. స్లైడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) లాగి వదిలితే చివరి రెండు మూడు మిల్లీమీటర్లు మూసుకోదు. వెనక నుంచి బొటనవేలితో తోస్తే అప్పుడు టక్కుమని కూర్చుంటోంది. దాన్ని ముందుకు తోసే రీకాయిల్ స్ప్రింగ్ మీద అక్కడక్కడా ఎర్రటి చుక్కలున్నాయి. "ఎలాగూ మారుస్తున్నావు కదా, ఫ్యాక్టరీ దానికంటే రెండు పౌండ్లు ఎక్కువ బలమున్నది వేయించు, చేతికి దెబ్బ కూడా తగ్గుతుంది" అంటున్నారు. వేయించొచ్చా? బయటి దేశం సైట్లలో దొరుకుతున్నాయి, తెప్పించుకోవచ్చా? లేక ఉన్నదాన్నే కాస్త సాగదీస్తే సరిపోతుందా?

నల్లగురి:
సాగదీయొద్దు. సాగదీసిన స్ప్రింగ్ ఆ రోజుకి గట్టిగానే ఉంటుంది, పది ఇరవై రౌండ్లకే మళ్లీ కుంగిపోతుంది. పైగా చుట్ల మధ్య సందులు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అయి బారెల్‌కి రాసుకుంటుంది.

ఇక రెండు పౌండ్ల సంగతి. లెక్క వేస్తే అందులో పస లేదని తెలుస్తుంది. .32 తూటా 71 గ్రెయిన్లు, అంటే 4.6 గ్రాములు. వేగం సెకనుకు 275 మీటర్లు అనుకోండి. పీపీకే బ్లోబ్యాక్ పిస్టల్, స్లైడ్‌ని పట్టి ఉంచే లాకింగ్ ఏమీ లేదు. తూటా ఎంత ఊపుతో ముందుకు పోతుందో స్లైడ్ అంత ఊపుతో వెనక్కి వస్తుంది. సులువుగా ఉండటానికి స్లైడ్ బరువు 250 గ్రాములు అనుకుంటే దాని వేగం సెకనుకు 5 మీటర్లు, శక్తి 3 జౌళ్ల పైచిలుకు. తూటా బారెల్ దాటే లోపల స్లైడ్ కదిలేది ఒక మిల్లీమీటరుకి కాస్త ఎక్కువ, అంతే. ఆ కాసేపు ఆపుతున్నది స్లైడ్ బరువే, స్ప్రింగ్ పాత్ర నామమాత్రం.

రెండు పౌండ్లంటే 9 న్యూటన్లు. మూడు సెంటీమీటర్ల ప్రయాణంలో అది అదనంగా మింగేది పావు జౌలు. మూడు జౌళ్లకి పావు జౌలు! దాన్ని దెబ్బ తగ్గడం అనలేం. పైగా ఆ పావు ఎక్కడికీ పోదు, స్లైడ్ ముందుకు వెళ్లేటప్పుడు వేగంగా మారి పిస్టల్ ముక్కుని కిందికి గుంజుతుంది.

చిక్కు అక్కడ మొదలవుతుంది. స్లైడ్ మరీ వేగంగా ముందుకు పోతే మ్యాగజైన్ స్ప్రింగ్ పైరౌండ్‌ని అందించేలోపే దాటిపోతుంది. ఛాంబర్ (బారెల్ వెనక రౌండ్ కూర్చునే చోటు) ఖాళీ, ట్రిగ్గర్ నొక్కితే ఉత్త టిక్. లేదంటే స్లైడ్ పూర్తిగా వెనక్కి రాదు, ఖాళీ కేసు (పేలిన రౌండ్ ఇత్తడి తొడుగు) బయటికి ఎగరలేక ఎజెక్షన్ సందులో నిలువుగా ఇరుక్కుంటుంది. చివరి రౌండ్ తర్వాత స్లైడ్ వెనక ఆగకపోవడం కూడా దీని గుర్తే. పిస్టల్‌ని మెత్తగా పట్టుకునేవాళ్లకి ఇవన్నీ ఇంకా ముందే కనబడతాయి. పౌడర్ తక్కువ జోరున్న రౌండ్లు దొరికాయా, ఇక చెప్పక్కర్లేదు.

అలాగని మరీ నీరసించిన స్ప్రింగూ మంచిది కాదు. కేసులు చాలా దూరం ఎగిరి పడుతుంటాయి, స్లైడ్ దెబ్బంతా ఫ్రేముకి తగులుతుంది. పీపీకేలో స్లైడ్‌ని వెనక ఆపేది ట్రిగ్గర్ గార్డు పైకొస. అక్కడ లోహం అంచు నలిగి మెరుస్తుంటే స్ప్రింగ్ అయిపోయినట్టే. కాబట్టి ఫ్యాక్టరీ దానంత బలమున్నదే, కొత్తది వేయించండి.

సాల్ట్_అండ్_స్టీల్:
నల్లగురి గారు చెప్పింది నిజమే, కానీ స్ప్రింగే దొంగ అని ఇప్పుడే తేల్చేయకండి. నెలల తరబడి తోలు పౌచ్‌లో ఉండి వచ్చిందా? విశాఖ గాలికి తోలు ఉప్పునీ చెమ్మనీ పట్టి ఉంచే సంచి. అందులో పెట్టిన ఏ పిస్టల్‌కైనా ముందు పాడయ్యేవి స్ప్రింగ్, ఛాంబర్, ఎక్స్‌ట్రాక్టర్ (కేసుని ఛాంబర్ నుంచి బయటికి లాగే కొక్కెం) గోరు.

ఇలా చూడండి. మ్యాగజైన్ తీయండి. స్లైడ్ లాగి ఛాంబర్ కళ్లతో చూడండి, చిటికెన వేలితో తడిమి చూడండి. రౌండ్లన్నీ వేరే గదిలో పెట్టేయండి. ఇప్పుడు ఖాళీ పిస్టల్ మూతి పైకి పెట్టి స్లైడ్ ఒక సెంటీమీటరు వెనక్కి లాగి, వేళ్లతో పట్టుకునే మెల్లగా వదలండి. బాగున్న స్ప్రింగ్ అయితే బరువుకి ఎదురెక్కి మరీ పూర్తిగా మూసుకోవాలి. ఖాళీగా మూసుకుని, డమ్మీ రౌండ్ (పేలని ఉత్తుత్తి రౌండ్) ఉన్నప్పుడే ఆగిపోతే తప్పు ఛాంబర్‌ది లేదా ఎక్స్‌ట్రాక్టర్‌ది. ఖాళీగా కూడా ఆగిపోతే స్ప్రింగో, స్లైడ్ గాడిలో ఎండిన నూనో.

విప్పేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి. ట్రిగ్గర్ గార్డుని కిందికి లాగి ఓ పక్కకి ఆనించండి. స్లైడ్ పూర్తిగా వెనక్కి లాగి, వెనక భాగం పైకెత్తి, ముందుకు వదిలితే వచ్చేస్తుంది. స్ప్రింగ్ బారెల్ చుట్టూనే ఉంటుంది. ఏ కొస ఎటు ఉందో తీయకముందే గోళ్ల రంగుతో చిన్న చుక్క పెట్టుకోండి. తలకిందులుగా ఎక్కించడం అందరూ చేసే తప్పే.

తీశాక అద్దం మీద దొర్లించండి, వంకర ఉంటే తడబడుతుంది. ఎర్ర చుక్కని గుడ్డతో తుడిస్తే పోయి కింద నునుపుగా ఉంటే పైపూతే. గోరుకి గుంట తగిలితే ఆ స్ప్రింగ్ పారేయాల్సిందే. తీగ విరిగేది అలాంటి గుంట దగ్గరే. గరుకు కాగితంతో రుద్దితే ఆ గీతలే కొత్త పగుళ్లకు దారి అవుతాయి.

అలాగే పాత రౌండ్లు కూడా చూడండి. స్లైడ్ తీసేసి ఉంది కాబట్టి ఫైరింగ్ పిన్ బెడద లేదు, మూతి గోడ వైపు పెట్టి ఒక్కో రౌండ్ బారెల్లోకి జారవిడవండి. తన బరువుకి తానే లోపలికి పోవాలి, తిప్పితే బయటికి రాలాలి. ఇత్తడి మీద చిలుం పట్టిన రౌండ్ అక్కడే ఆగిపోతుంది.

కంచరపాలెం లేత్:
"మన ఏరియాలోనే తీగ తెచ్చి చుట్టించుకోవచ్చు" అని ఎవరో ఒకరు అనేలోపు ఇది రాస్తున్నాను. స్ప్రింగ్ గట్టిదనం తీగ మందం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 1.0 మి.మీ. బదులు 1.1 మి.మీ. తీగ వాడితే, చుట్లూ వ్యాసమూ అవే ఉన్నా, 46 శాతం గట్టిపడుతుంది. పది శాతం అనుకుని వేస్తే సగం పెరిగిందన్నమాట. రెండోది, 20 చుట్లున్న స్ప్రింగ్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు అదనంగా 2 మి.మీ. చోటు తింటుంది. చుట్టుకి చుట్టు ఆనుకుపోయి స్లైడ్ ఆగాల్సిన చోటుకంటే ముందే ఆగుతుంది, తర్వాతి రౌండ్ అందదు. చుట్లు కోసి తగ్గిద్దామంటే ప్రీలోడ్ (స్లైడ్ మూసి ఉన్నప్పుడే స్ప్రింగ్‌లో ఉండే బిగువు) పడిపోతుంది. అప్పుడు మొదట్లో వదులు, చివర్లో మరీ గట్టి. చుట్టిన తీగని ఓవెన్‌లో కాసేపు వేడి పెట్టి ఒత్తిడి తీయకపోతే వారం తిరక్కుండా పొట్టిదైపోతుంది కూడా.

పైగా ఇది చట్టంతో వ్యవహారం. 1959 ఆయుధాల చట్టంలో ‘ఆయుధాలు’ అంటే విడిభాగాలూ అందులోకే వస్తాయి. సెక్షన్ 5 ప్రకారం మరమ్మతుకి లైసెన్సు ఉండాలి, దిగుమతి సెక్షన్ 10 కిందికి వస్తుంది. కొరియర్‌లో ఎనిమిది డాలర్ల స్ప్రింగ్ తెప్పించి కస్టమ్స్‌కి సంజాయిషీ రాసుకోవడం ఎందుకు? విప్పి తుడుచుకోవడం మీ పని, భాగం మార్చడం లైసెన్సున్న ఆర్మరర్ పని. ఇచ్చేటప్పుడు ఆయుధం నంబరు రాసిన రసీదు తీసుకోండి, ఒరిజినల్ లైసెన్సు వెంట ఉంచుకోండి.

లాసన్స్‌బే:
చూశానండి. ఖాళీగా మూతి పైకి పెట్టినా ఆగిపోతోంది. మధ్యలో ఒక చుట్టు దగ్గర గోరుకి గుంట తగిలింది. మార్పించేస్తా, ఫ్యాక్టరీ దానంత బలమున్నదే. మ్యాగజైన్ నింపి ఉంచితే దాని స్ప్రింగ్ కూడా కుంగుతుందా?

నల్లగురి:
నింపి ఉంచినంత మాత్రాన కుంగదు. మళ్లీ మళ్లీ నొక్కడం, వదలడం వల్ల, తుప్పు వల్ల పోతుంది. అయినా ఆర్మరర్ దగ్గరికి వెళ్తున్నారు కాబట్టి రెండూ ఒకేసారి మార్పించండి, రెండూ ఒకదాని వేగానికి ఒకటి సరిపోవాలి. ఇంకొకటి: .32 కేసుకి వెనక అంచు కాస్త బయటికి ఉంటుంది. మ్యాగజైన్ నింపేటప్పుడు పైరౌండ్ అంచు కిందిదాని అంచుకి ముందు ఉండాలి. వెనక పడితే రెండూ కొక్కెంలా పట్టేసుకుంటాయి, ఏ స్ప్రింగూ లాగలేదు.

సాల్ట్_అండ్_స్టీల్:
కొత్త స్ప్రింగ్ మొదటి వాడకాల్లో కొన్ని మిల్లీమీటర్లు పొట్టిదవుతుంది, కంగారు పడకండి. ఎక్కించేముందు స్కేలు మీద పెట్టి పొడవు రాసుకోండి, యాభై రౌండ్ల తర్వాత మళ్లీ కొలవండి. ఆ రెండో అంకె నుంచి ఇంకా తగ్గుతూ పోతేనే సమస్య. నూనె స్ప్రింగ్ మొత్తానికి ఒక్క చుక్క చాలు, తుపాకీ నూనే వాడండి. కొబ్బరి నూనె ఎండి బంకవుతుంది. పిస్టల్ తోలు పౌచ్‌లో కాకుండా మూత బిగుతుగా ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి పెట్టండి. వానాకాలంలో ఆ పొట్లం నెలకోసారి మార్చాలి.