సమస్యాపూరణం: నేల యుదయమయ్యె నింగిలోన

నిర్వహణ, సత్యనారాయణపురం:

మిత్రులందరికీ నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. పై మూడు పాదాలు మీరు కట్టి దీనికి అర్థం కుదర్చాలి.

నేల యుదయమయ్యె నింగిలోన

పొడిస్తే సూర్యుడో చంద్రుడో పొడవాలి గానీ నేల పొడవడం ఏమిటన్నదే చిక్కు. ఈసారి ఒక షరతు పెడుతున్నాను. మీ చిన్నతనంలోనో కాలేజీ రోజుల్లోనో మీరు స్వయంగా చూసిన, లేదా విన్న అంతరిక్ష విజయం ఏదో ఒకటి పద్యంలో ఉండాలి. కింద ఆ జ్ఞాపకం నాలుగు ముక్కలు రాయండి. పుస్తకాల్లో ఉన్నది ఎవరైనా రాస్తారు. ఆ రోజు మీరెక్కడ నిలబడ్డారు, మీ చెవిన ఏం పడింది, తలెత్తితే ఏం కనిపించింది అన్నది మీరే రాయాలి. పద్యం కట్టగలిగిన మనలో చాలామందిమి అరవై దాటినవాళ్ళం. మనం రాయకపోతే ఆనాటి బెజవాడ, గుంటూరు వీధులు ఆ క్షణంలో ఎలా ఉన్నాయో తర్వాతివాళ్ళకు తెలిసే దారి లేదు.

ఎప్పటిలాగే పేర్లు వద్దు, పేట చాలు.

గవర్నరుపేట:

జాబిలందు నిలిచి చల్లగాఁ జూడంగ
నీలు కంటి కెదుట నీటిముద్ద
నీలివన్నెతోడ నిండుగా వెలుగుచు
నేల యుదయమయ్యె నింగిలోన

1969 జూలైలో నేను ఎస్సెల్సీ. అప్పటికి దేశం మొత్తంలో టీవీ ఉన్నది ఢిల్లీలోనే. మాకు అపోలో 11 అంటే రేడియో, పేపరు, అంతే. చంద్రుడి మీంచి మనవైపు చూస్తే ఎలా ఉంటుందోనని ఆ వారమంతా అదే ధ్యాస. లెక్కల నోటుబుక్కు వెనక అట్ట మీద నీలం సిరాతో భూమి బొమ్మ వేసుకున్నాను. నీలు అంటే నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్.

బ్రాడీపేట, గుంటూరు:

గవర్నరుపేటవారూ, రెండు మూడు పాదాలు ఒకసారి చదివితే నోటికి వచ్చేశాయి. నీలు, నీటిముద్ద, నీలివన్నె వరసగా జారిపోయాయి. కానీ ముప్పై ఏళ్ళు ఫిజిక్స్ చెప్పినవాడిని, ఒక మాట అనక తప్పదు.

చంద్రుడి నేల మీద నిలబడ్డవాడికి భూమి ఉదయించదు, అస్తమించదు. చంద్రుడు ఎప్పుడూ ఒకే ముఖం మనవైపు పెట్టి తిరుగుతాడు కాబట్టి అక్కడి ఆకాశంలో భూమి దాదాపు ఒకేచోట నిలిచి ఉంటుంది. అపోలో 11 వాళ్ళ నౌక ఈగిల్ దిగిన ప్రశాంత సముద్రం (పేరుకే సముద్రం, చంద్రుడి మీది మైదానం) దగ్గర అయితే బాగా తల పైకెత్తి చూడాలి. రెండోది 'నిండుగా'. ఆ రోజు మనకు చంద్రుడు సగానికి తక్కువ. మనకు చంద్రుడు ఎంత తరిగి ఉంటే అక్కడివాళ్ళకు భూమి అంత పెరిగి కనిపిస్తుంది. అంటే వాళ్ళు చూసిన భూమి సగానికి మించి ఉందే కానీ నిండుగా లేదు.

భూమి పొడవడం చూడాలంటే చంద్రుడి చుట్టూ తిరుగుతూ ఉండాలి. 1968 డిసెంబరు 24న అపోలో 8 వాళ్ళు ఫోటో తీసింది అలాగే. అపోలో 11లో ఆ దృశ్యం మైకేల్ కాలిన్స్‌ది. మిగతా ఇద్దరూ కింద ఉన్నప్పుడు ఆయన ఒక్కడే కొలంబియా నౌకలో సుమారు రెండు గంటలకొక చుట్టు తిరిగాడు. ప్రతి చుట్టులోనూ ఆయనకు భూమి పొడిచింది.

గవర్నరుపేట:

మాస్టారూ, మీరిచ్చింది దిద్దుబాటు కాదు, కొత్త పూరణే.

చంద్రు చుట్టుఁ దిరుగు సారథి కాలిన్సు
కిటికిలోనఁ జూడ గీఁత దాటి
నీలివన్నెతోడ నెమ్మది నెమ్మది
నేల యుదయమయ్యె నింగిలోన

నిర్వహణ:

ఇది చాలా మేలు. మొదటి దాంట్లో 'చల్లగాఁ' యతి కోసం, అంటే పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరం కలవడం కోసం, వచ్చి కూర్చుంది, దానికక్కడ పని లేదు. ఇందులో ప్రతి మాటకూ పని ఉంది. 'గీఁత దాటి' అన్నది బొమ్మలో చంద్రుడి అంచును కళ్ళ ముందుంచింది. 'నెమ్మది నెమ్మది' పాదాన్నే నెమ్మది చేసింది. అందరూ ఆర్మ్‌స్ట్రాంగునే తలుచుకునే చోట కాలిన్సుకు తెలుగులో ఒక పద్యం దక్కింది. కిందికి దిగకుండా పైనే కాపలా ఉన్న మనిషిని 'సారథి' అనడం నాకెంతో నచ్చింది.

ఒక్క లోటు చెబుతాను. పద్యంలో నోటుబుక్కు లేదు, నీలం సిరా లేదు. జ్ఞాపకం కిందనే ఉండిపోయింది.

లబ్బీపేట:

పాద మెచటఁ బెట్టె? భానుఁ డే మయ్యెను?
చంద్రుఁ డెచట నుండు సంజవేళ?
వరుసఁ జెప్పుమన్న వచ్చె జవాబులు
నేల, యుదయమయ్యె, నింగిలోన

క్రమాలంకారం: మూడు ప్రశ్నలు, అదే వరసలో మూడు జవాబులు.

నిర్వహణ:

గణాలు, యతులు శుభ్రం. అవధానంలో అయితే చప్పట్లు పడేవి. ఇక్కడి షరతు వేరు. మీరెక్కడున్నారు, ఏం చూశారు? మరో పూరణ పంపండి.

కృష్ణలంక:

పాత రేడియోకుఁ జుట్టు జనులు మూఁగి
నిలిచి వినెడివేళ నీలు మాట
కాలు మోపె ననెడి కబురందె నొక క్రొత్త
నేల యుదయమయ్యె నింగిలోన

1969 జూలై 21, సోమవారం పొద్దున. బడికి బయల్దేరాను. దారిలో ఒక కాఫీ హోటలు ముందు జనం. లోపల బల్ల మీద పాత వాల్వు రేడియో, దాంట్లో వాయిస్ ఆఫ్ అమెరికా. షార్ట్‌వేవ్ కాబట్టి ఒక్క మాట వస్తే రెండు మాటలు గరగరలో కలిసిపోతున్నాయి. ఇంగ్లీషు వచ్చిన గుమాస్తా ఒకాయన తెలిసినంతవరకు తెలుగులో చెబుతున్నాడు. మన గడియారం ప్రకారం దిగింది రాత్రి 1:47కి, కాలు పెట్టింది పొద్దున 8:26కి. ఆ మాట ఆయన నోట రాగానే దోసెలు పోసేవాడు కూడా పెనం వదిలేసి బయటికి వచ్చాడు. అందరం తలెత్తి ఆకాశం చూశాం. ఎండ తప్ప ఏమీ లేదు. అయినా ఎవరూ తల దించలేదు. బడిలో ఫస్ట్ బెల్లు కొట్టేసినా ఆలస్యమైనందుకు మమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు.

నిర్వహణ:

మొదటి పాదంలో యతి కుదరలేదు. మొదటి గణం 'పా'తో మొదలైతే నాలుగో గణం 'జు'తో మొదలైంది. ఇలా మారిస్తే సరిపోతుంది.

పాత రేడియోకుఁ బ్రజలెల్లఁ జుట్టుఁగా

మిగతాదాన్ని ముట్టుకోను. ఇప్పటిదాకా వచ్చిన పూరణల్లో నా మనసులో మొదటి చోటు దీనిదే, కారణం చెబుతాను. సమస్యలో 'నేల' అంటే అందరం భూమి అనుకున్నాం. ఈయన చంద్రుణ్ణే నేల చేశారు. అంతవరకు చంద్రుడు మనకు వెలుగు, మామ, దేవుడు. మనిషి కాలు మోపిన ఆ పొద్దుట చంద్రుడు నేల అయ్యాడు. ఆ సంగతి 'ఒక క్రొత్త' అన్న రెండు మాటల్లో చెప్పేశారు. పైగా ఆ రెండు మాటలూ మూడో పాదం చివర ఆగి నాలుగో పాదంలోకి అడుగు వేస్తాయి. ఎండలో తలెత్తి నిలబడ్డ ఆ జనం లేకపోతే ఈ ఊహ వచ్చేది కాదు. చూసింది చూసినట్టు రాయమని నేను పట్టుబట్టేది ఇందుకే.

బ్రాడీపేట, గుంటూరు:

ఆ జనానికి చంద్రుడు కనిపించకపోవడానికి ఎండ ఒక్కటే కారణం కాదు. ముందురోజు రాత్రి పదకొండు గంటల ప్రాంతంలోనే బెజవాడకు చంద్రుడు అస్తమించాడు. మళ్ళీ పొడిచేది పొద్దెక్కాకే. ఈగిల్ దిగినప్పుడూ, కాలు పెట్టినప్పుడూ మన ఆకాశంలో చంద్రుడు లేడు. కాబట్టి 'ఉదయమయ్యె' అన్న మాట ఈ పద్యంలో మరింత నిజం. లేని చోట పొడిచింది.

పటమట:

శశము కన్ను విప్పి చందురు నొడిలోనఁ
దొంగి చూచె నంట తోడు లేక
మామ్మ చెప్ప వింటి మా మేడపై నుండి
నేల యుదయమయ్యె నింగిలోన

అప్పుడు నేను రెండో క్లాసు. ఆదివారం సాయంత్రం మా మామ్మ మేడ మీద పక్కలు పరుస్తూ, పడమటి చంద్రుణ్ణి చూపించి, అక్కడికి మనుషులు వెళ్తున్నారే, కుందేలు బెదురుతుందేమో అంది. ఆవిడకు రాకెట్టు మీద నమ్మకం ఉంది, కుందేలు మీదా నమ్మకం ఉంది. ఇన్నాళ్ళు ఒంటరిగా ఉన్నది, ఇప్పుడు లేచి మనల్ని చూస్తుందిలే అని నన్ను జోకొట్టింది. రేడియోలో ఏం చెప్పారో నాకు గుర్తు లేదు. ఈ మాట ఒక్కటే గుర్తుంది.

గవర్నరుపేట:

అమ్మా, పద్యం ముద్దొస్తోంది. కానీ మాస్టారు నాకు చెప్పిన న్యాయమే కుందేలుకూ వర్తిస్తుంది కదా? ఆ మచ్చ ఉన్నది మనవైపు ముఖం మీద. దానికి భూమి ఎప్పుడూ నెత్తి మీదే ఉండాలి, ఉదయించకూడదు.

పటమట:

మొదటి పాదం మళ్ళీ చూడండి. 'కన్ను విప్పి' అన్నాను. అప్పటిదాకా నిద్రపోతున్న కుందేలుకు కన్ను తెరిచినప్పుడే కదండీ తెల్లవారేది!

బ్రాడీపేట, గుంటూరు:

అమ్మగారి వాదం నిలుస్తుంది. ఇంకో సంగతి. మనం కుందేలుగా పోల్చుకునే మచ్చల్లో ప్రశాంత సముద్రం దాని తల భాగం. ఈగిల్ దిగింది సరిగ్గా అక్కడే, కుందేలు తల మీద! దిగే రోజున హ్యూస్టన్ కంట్రోల్ రూమువాళ్ళు కూడా చైనా కథలోని చంద్రుడి కుందేలు కనిపిస్తుందేమో చూడమని పైవాళ్ళకు చెప్పారు. మీ మామ్మగారూ హ్యూస్టనూ ఒకే రోజు ఒకే కుందేలును తలుచుకున్నారన్నమాట.

నిర్వహణ:

'తోడు లేక' పాదం నింపడానికి వచ్చిందని మొదట అనుకున్నాను. జ్ఞాపకం చదివాక ఆ మాట మామ్మగారిదని తెలిసింది. అలాగే ఉండనివ్వండి.

అరండల్‌పేట, గుంటూరు:

మన యుగాది వెళ్ళి మరునాఁటి సాయంత్ర
మందు శర్మ యెక్కె మంటరథము
వీధివీధిఁ గూడి వినుచుండఁగా మన
నేల యుదయమయ్యె నింగిలోన

1984లో రక్తాక్షి ఉగాది ఏప్రిల్ 2, సోమవారం. మంగళవారం సాయంత్రం మన టైము 6:38కి బైకనూర్ నుంచి సోయుజ్ టీ-11 లేచింది. రాకేశ్ శర్మతో పాటు మాలిషెవ్, స్ట్రెకాలోవ్. నేను డిగ్రీ చదువుతున్నాను. ఉగాది చీటీపాటలో ఓడిపోయినవాడు కూడా ఆ రాత్రి శంకర్ విలాస్ సెంటర్లో అందరికీ టీ పోయించాడు. తర్వాత సాల్యూట్ 7 అంతరిక్ష కేంద్రం నుంచి రాకేశ్ శర్మ ఇందిరాగాంధీతో మాట్లాడారు. పైనుంచి మన దేశం ఎలా కనిపిస్తోందని ఆవిడ అడిగిన ప్రశ్న, ఆయన చెప్పిన జవాబు ఇవాళ్టి బడిపిల్లలకూ తెలుసు. ఏప్రిల్ 11న క్షేమంగా దిగేదాకా మా హాస్టల్లో టెన్షనే.

నిర్వహణ:

'మన' చివర్లో ఆగి 'నేల'తో కలవడం బాగుంది. రెండు మాటలు చెబుతాను. 'మంటరథము'లో తెలుగు మాట, సంస్కృతపు మాట కలిసి వైరి సమాసం అయింది. 'మంటతేరు' అనండి, గణం కూడా చెడదు. రెండోది, 'మన' రెండుసార్లు వచ్చింది. మొదటిది యతి కోసమేనా?

అరండల్‌పేట, గుంటూరు:

మంటతేరు తీసుకుంటున్నాను. 'మన' మాత్రం రెండుచోట్లా ఉండాలి. పండుగ మనది, తేరు రష్యావాళ్ళది, పైకి లేచిన నేల మనది. ఆ సాయంత్రం మేం మాట్లాడుకున్నది అదే. మన తేరు మీద మనవాడు ఎప్పుడు వెళ్తాడని.

నిర్వహణ:

ఒప్పుకున్నాను. రెండూ ఉంచండి.

పట్టాభిపురం, గుంటూరు:

పెద్దలకు నమస్కారం. నేను బీటెక్ చదువుతున్నాను. ఆటవెలది నేర్చుకుంటున్నాను.

చంద్రు దక్షిణమునఁ జల్లని రేయేగ
విక్రముండు దిగెను వేడ్క మీఱ
ఒక్క పగలు మనకు నొకపక్షమౌ చోట
నేల యుదయమయ్యె నింగిలోన

2023 ఆగస్టు 23. ఇంటర్ క్లాసు ఆపేసి మా లెక్చరర్ తన ఫోను ప్రొజెక్టరుకు పెట్టారు. సాయంత్రం 6:04కి చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ దిగింది. 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 విక్రమ్ ఆఖరి నిమిషాల్లో పడిపోయిన రాత్రి నేను నాన్న పక్కన కూర్చుని చూశాను, అందుకని ఈసారి ఎత్తు తగ్గుతున్న అంకెలు చూస్తుంటే చేతులు చల్లబడ్డాయి. అయ్యాక అందరం గ్రౌండులోకి పరిగెత్తాం. సప్తమి చంద్రుడు దక్షిణాన పైకి వచ్చి ఉన్నాడు. అదిగో, అడుగు భాగంలో, అని ఒకరికొకరం వేలు పెట్టి చూపించుకున్నాం.

బ్రాడీపేట, గుంటూరు:

తల్లీ, నీ పద్యంలో ఉన్న సైన్సు ఇక్కడ ఎవరి పద్యంలోనూ లేదు. విక్రమ్ సౌరశక్తితో పనిచేసే యంత్రం. అందుకే ఆ చోట తెల్లవారే వేళ చూసి దింపారు. అక్కడ పగలు మన లెక్కలో దాదాపు పద్నాలుగు రోజులు. ఉదయం అయింది నిజంగా ఆ నేలకే, ఉన్నది నిజంగా నింగిలోనే. సమస్యలో చిక్కే మిగల్లేదు. నువ్వు గ్రౌండులో చూసిన చంద్రుడూ లెక్కకు సరిపోయాడు.

లబ్బీపేట:

ఒక సందేహం. 'నేలకు ఉదయమయ్యె' అనాలి కదా? 'కు' లేకుండా అర్థం ఎలా వస్తుంది?

నిర్వహణ:

సందేహం సరైనదే. సమస్య నేనిచ్చిన పాదం కాబట్టి ఆ అమ్మాయి అందులో అక్షరం మార్చలేదు. 'నేల యొక్క ఉదయము' అని షష్ఠిగా తీసుకోవచ్చు. అది కూడా తెలుగు, సంస్కృతం కలిసిన సమాసమే అంటారు మీరు, నిజమే. అయినా ఒప్పుకుంటున్నాను, ఎందుకంటే మూడో పాదం 'చోట' అని ఆగడంతో చదివేవాడికి అర్థం తడబడదు. మూడో పాదంలో యతి కూడా గమనించండి. 'మనకు నొక'లో ద్రుతం (సంధిలో వచ్చిన 'న్') కింద ఉన్న 'ఒ'కు, పాదం మొదటి 'ఒ'కు స్వరయతి. నేర్చుకుంటున్నానంటూనే దాన్ని సరిగ్గా వాడింది. 'వేడ్క మీఱ' మాత్రం పాత పద్యాల్లో అరిగిపోయిన మాట. ఆ అంకెలు చూస్తూ చల్లబడిన చేతులు ఆ పాదంలోకి వస్తాయేమో ప్రయత్నించమ్మా.

మిగతావాళ్ళకు ఒక మనవి. 1975 ఏప్రిల్ 19న ఎగిరిన ఆర్యభట్ట ఉపగ్రహం మీద, 1980 జూలై 18న శ్రీహరికోట నుంచి మన సొంత రాకెట్టు ఎస్‌ఎల్‌వీ-3 మోసుకెళ్ళిన రోహిణి ఉపగ్రహం మీద ఒక్క పూరణా రాలేదు. అప్పుడు కాలేజీల్లో ఉన్నవాళ్ళు మనలో కనీసం పదిమంది ఉంటారు. ఆదివారం రాత్రి దాకా తీసుకుంటాను. లబ్బీపేటవారూ, మీ రెండో పూరణ కూడా.