8 జీబీ లాప్‌టాప్‌లో కొత్తగా పోర్ట్ అయిన స్ట్రాటజీ గేమ్స్ ఆడొచ్చా, కొత్త మెషిన్ కొనాల్సిందేనా?

కావలి_బీటెక్:
అన్నలకు, అక్కలకు నమస్తే. నాది కావలి. కాలేజీ కోసం కొన్న లాప్‌టాప్ ఉంది. ఇంటెల్ ఐ5 పదకొండో తరం, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. కాల్పుల గేమ్స్ నాకు అక్కర్లేదు, స్ట్రాటజీ అంటేనే ఇష్టం. ఒకప్పుడు ప్లేస్టేషన్ లాంటి కన్సోల్ ఉన్నవాళ్ళకే దొరికినవి ఇప్పుడు ఒక్కొక్కటీ పోర్ట్ అయి, అంటే పీసీకి తగ్గట్టు మార్చుకుని, వచ్చేస్తున్నాయి. వాల్కిరియా క్రానికల్స్, హేలో వార్స్, ట్రయాంగిల్ స్ట్రాటజీ వచ్చాయి. 2025 సెప్టెంబర్‌లో ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్ కూడా వచ్చింది. సివిలైజేషన్ 7 అయితే పీసీకి, కన్సోళ్ళకు ఒకేసారి దిగింది. నెల్లూరులో ఒక షాపులో అడిగితే ఈ లాప్‌టాప్ పనికిరాదు, గేమింగ్ మెషిన్ తీసుకోమన్నారు. హాస్టల్లో ఫ్రెండ్స్ మాత్రం ఇది చాలంటున్నారు. ఇంట్లో డబ్బులు అడిగే ముందు సంగతి తేల్చుకుందామని ఇక్కడ రాస్తున్నా.

మాగుంట_లేఅవుట్:
తమ్ముడూ, షాపువాళ్ళు సరుకు అమ్ముకోవాలనే చెప్పి ఉండొచ్చు, కానీ చెప్పింది నిజమే. ప్లేస్టేషన్ 5లో 8 కోర్ల ప్రాసెసర్, 16 జీబీ మెమరీ ఉంటాయి. దాన్ని దృష్టిలో పెట్టుకుని తయారుచేసిన గేమ్ నీ 8 జీబీలో ఇమడటం కష్టం. పైగా ఆ 8 జీబీ కూడా మొత్తం నీది కాదు. విండోస్ లేవగానే మూడు, మూడున్నర జీబీ తీసుకుంటుంది. బ్రౌజర్ తెరిచి పెడితే ఇంకొంత పోతుంది. గ్రాఫిక్స్ కార్డు లేదు కాబట్టి బొమ్మ గీయడానికి కావాల్సిన మెమరీ కూడా అందులోంచే పోవాలి. సివిలైజేషన్ 7 కనీస అవసరాల్లోనే జీటీఎక్స్ 1050 గ్రాఫిక్స్ కార్డు అని రాశారు. అది కనీసం! నీకు ఆ కార్డే లేదు.

సిటీస్ స్కైలైన్స్ 2 సంగతి గుర్తుందా? 2023 అక్టోబర్‌లో వచ్చింది. అనుకున్నంత వేగంగా నడవడం లేదని తయారుచేసినవాళ్ళే విడుదలకు ముందు ఒప్పుకున్నారు. ఆర్‌టీఎక్స్ 3080 లాంటి పెద్ద కార్డు సిఫారసు చేసిన గేమ్ అది. అంత కార్డున్నవాళ్ళే అల్లాడిపోయారు. 2016లో ఎక్స్‌కామ్ 2 వచ్చిన కొత్తల్లో కూడా మంచి మంచి కార్డుల మీద నత్తనడక నడిచింది. డబ్బులు పెట్టి కొన్నాక ఏడవడం కంటే ముందే తెలుసుకోవడం మంచిది.

సింగరాయకొండ_టీచర్:
మాగుంట గారూ, సిటీస్ స్కైలైన్స్ 2, ఎక్స్‌కామ్ 2 రెండూ ముందు పీసీ మీదే వచ్చినవి. బాబు అడుగుతున్నది పోర్టుల గురించి. పోర్ట్ అన్నంత మాత్రాన అన్నిటినీ ఒకే గాటన కట్టేయకూడదండీ. ఏ మెషిన్ నుంచి వచ్చిందో చూడాలి.

ట్రయాంగిల్ స్ట్రాటజీ 2022 మార్చిలో నింటెండో స్విచ్ మీద వచ్చి, అదే ఏడాది అక్టోబర్లో పీసీకి వచ్చింది. స్విచ్‌లో ఉండేది మొత్తం 4 జీబీ మెమరీ. వాల్కిరియా క్రానికల్స్ 2008 నాటి ప్లేస్టేషన్ 3 గేమ్, 2014లో పీసీకి తెచ్చారు. ఆ కన్సోల్‌లో గేముకు 256 ఎంబీ, గ్రాఫిక్స్‌కు ఇంకో 256 ఎంబీ, అంతే. బాబు లాప్‌టాప్‌లో ఉన్నది దానికి పదహారు రెట్లు. హేలో వార్స్ కూడా 2009లో ఎక్స్‌బాక్స్ 360 కోసం చేసిందే. ఇలాంటివి ఆడటానికి గేమింగ్ మెషిన్ కొనమని ఒక విద్యార్థికి చెప్పడం నాకు బాధగా ఉంది. ఆ డబ్బు వెనక ఒక ఇంటి ఏడాది పొదుపు ఉంటుంది. మా బడి పిల్లల ఇళ్ళల్లో రోజూ చూస్తుంటాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

సివిలైజేషన్ 6 చూడండి. 2018లో స్విచ్ మీద, ఐఫోన్ మీద వచ్చింది. 2020లో ఆండ్రాయిడ్ మీద వచ్చింది. ఫోన్‌లో నడిచేది ఐ5 మీద నడవదా?

మాగుంట_లేఅవుట్:
టీచర్ గారూ, పాత కన్సోల్ లెక్క ఒప్పుకుంటా. కానీ పోర్ట్ చేసేవాళ్ళు సరిగ్గా చేయకపోతే ఆ లెక్కలేవీ పనిచేయవు. కన్సోల్ అంటే ఒకటే చిప్. దానికి కావాల్సిన షేడర్లన్నీ, అంటే బొమ్మ ఎలా గీయాలో చిప్‌కి చెప్పే చిన్న ప్రోగ్రాములన్నీ, ముందే తయారుచేసి గేమ్‌తోపాటే పెట్టేస్తారు. పీసీలో ఎవరి చిప్ వాళ్ళది కాబట్టి షేడర్లు మన దగ్గరే తయారవ్వాలి. అది మొదటిసారి గేమ్ తెరిచినప్పుడు చేయకుండా ఆట మధ్యలో చేస్తే, కొత్త శత్రువు కనబడిన ప్రతిసారీ ఆట ఒక్క క్షణం ఆగిపోతుంది. కన్సోల్ ఎంత చిన్నదైనా ఈ బాధ తప్పదు. ఇక ఫోన్‌లో సివ్ 6 నడుస్తుందంటే, ఎంత పెద్ద మ్యాప్ మీద, కంప్యూటర్ ఆడించే ఎంతమంది రాజులతో అన్నది కూడా చెప్పాలి కదా.

ఒంగోలు_సర్వీస్:
ఒంగోలులో కర్నూలు రోడ్డు వైపు లాప్‌టాప్ సర్వీస్ చేస్తుంటాను. ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. కానీ ఇద్దరూ గ్రాఫిక్స్ చుట్టూనే తిరుగుతున్నారు. స్ట్రాటజీ గేమ్‌లో అసలు బరువు మోసేది ప్రాసెసర్.

ఒకరి తర్వాత ఒకరు ఆడే వంతులవారీ (టర్న్ బేస్డ్) గేమ్ తీసుకోండి. మొదటి యాభై టర్నులు ఏ మెషిన్‌లో అయినా హాయిగా పోతాయి. రెండొందలు దాటేసరికి మ్యాప్ నిండా నగరాలు, సైన్యాలు. మనం నెక్స్ట్ టర్న్ నొక్కగానే ప్రతి రాజూ తన ప్రతి దళం ఎక్కడికి పోవాలి, ఏ దారిన పోవాలి అని లెక్క వేసుకుంటాడు. ఆ లెక్కలో చాలా భాగం ఒకదాని తర్వాత ఒకటి జరగాల్సిందే. ప్రాసెసర్‌లోని అన్ని కోర్లకూ పంచడం కుదరదు. అందుకే ఎన్ని కోర్లున్నాయన్న దానికంటే ఒక్కో కోర్ ఎంత చురుకుగా పనిచేస్తుందన్నది ముఖ్యం. పదకొండో తరం ఐ5 ఈ విషయంలో మంచిదే. దాన్ని చూసి భయపడాల్సిన పని లేదు.

ఫ్రేముల గురించి, అంటే తెర మీద బొమ్మ సెకనుకు ఎన్నిసార్లు మారుతుందన్న దాని గురించి కూడా ఒక మాట. కాల్పుల గేమ్‌లో 60 కంటే తగ్గితే ఆడబుద్ధి కాదు. వంతులవారీ గేమ్‌లో 30 వస్తే చాలు, కొంచెం తగ్గినా ఓడిపోము. రిజల్యూషన్ తగ్గించుకోవచ్చు. 1080లో తెర మీద దాదాపు 20 లక్షల 70 వేల చుక్కలు గీయాలి, 720లో 9 లక్షల 20 వేలు చాలు. సగం కంటే ఎక్కువ పని తగ్గిపోయింది చూడండి.

ఇప్పుడు కావలి తమ్ముడి మెషిన్ సంగతి. తమ్ముడూ, టాస్క్ మేనేజర్ తెరువు. పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కితే కింద "స్లాట్స్ యూజ్డ్" అని కనబడుతుంది. తర్వాత డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద ఏం పేరుందో చూడు. ఈ తరం ఐ5 లాప్‌టాప్‌లు నా బల్ల మీదికి చాలానే వస్తుంటాయి. ఒకటే ర్యామ్ స్టిక్ ఉంటే అక్కడ ఇంటెల్ యూహెచ్‌డీ అని ఉంటుంది. రెండో స్టిక్ వేసి మళ్ళీ ఆన్ చేస్తే అదే చిప్ ఐరిస్ ఎక్స్ఈ అని కనబడుతుంది. పేరు ఊరికే మారదు. ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్, మామూలు ర్యామ్ నుంచే పని చేసుకోవాలి కాబట్టి రెండు దారుల్లో డేటా వస్తే దాని వేగం బాగా పెరుగుతుంది. చాలామంది గ్రాఫిక్స్ చాల్లేదని లాప్‌టాపే మార్చేస్తారు. అక్కడ తక్కువైంది ఒక్క ర్యామ్ స్టిక్.

ఇంకొకటి వేడి. మే నెలలో మన జిల్లాలో గదిలోనే నలభై డిగ్రీలుంటుంది. చిప్ వంద డిగ్రీల దగ్గరికి పోతే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. గ్రానైట్ క్వారీలుండే చీమకుర్తి వైపు నుంచి వచ్చే లాప్‌టాప్‌లు విప్పితే ఫ్యాన్ రెక్కల మీద, రాగి గొట్టం చివర జల్లెడలాంటి చోట తెల్లటి రాతిపొడి గట్టిగా పేరుకుని ఉంటుంది. బ్రష్‌తో తీసి, చిప్ మీద ఎండిపోయిన పేస్ట్ మార్చితే చాలు, నిన్నటిదాకా ఆగి ఆగి నడిచిన గేమ్ సాఫీగా నడుస్తుంది. మంచం మీద పరుపులో పెట్టి ఆడొద్దు. ఛార్జర్ తీసేసి ఆడొద్దు, బ్యాటరీ మీద చాలా మెషిన్లు వేగం తగ్గిస్తాయి.

మార్కాపురం_మల్టీప్లేయర్:
వంతులవారీ గేమ్స్ వరకు సర్వీస్ అన్న చెప్పింది కరెక్ట్. మాది వంతులు లేకుండా అందరూ ఒకేసారి ఆడే రియల్ టైమ్ బ్యాచ్, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 డెఫినిటివ్ ఎడిషన్. అందులో ర్యాంక్ మ్యాచ్‌లు ఆడాలంటే ముందు మెషిన్ వేగాన్ని కొలిచే బెంచ్‌మార్క్ పరీక్షలో 1000 స్కోర్ రావాలి. ఆ నిబంధన పెట్టడానికి కారణం ఉంది. ఈ గేమ్‌లో అందరి మెషిన్లూ ఒకే యుద్ధాన్ని ఎవరికి వారు లెక్కగట్టుకుంటాయి, ఆటగాళ్ళ ఆజ్ఞలు మాత్రమే నెట్‌లో వెళ్తాయి. కాడికి కట్టిన జతలో ఒక ఎద్దు వెనకబడితే బండి మొత్తం వెనకబడినట్టు, ఒక్కరి మెషిన్ ఆలస్యమైతే ఎనిమిది మందికీ ఆట నెమ్మదిస్తుంది. నీకు పర్లేదనిపించినా మిగతా ఏడుగురు తిట్టుకుంటారు. ఇద్దరిద్దరు ఆడుకునే మ్యాచ్‌కి నీ లాప్‌టాప్ బ్రహ్మాండంగా సరిపోతుంది. 4కె బొమ్మల ప్యాక్ విడిగా ఉచితంగా ఇస్తారు, దాన్ని మాత్రం ఇన్‌స్టాల్ చేయకు.

డౌన్‌లోడ్ మాట ఎవరూ ఎత్తలేదు. మా ఊళ్ళో ఇంకా రోజుకు 2 జీబీ మొబైల్ డేటా మీద బతికేవాళ్ళున్నారు. 50 జీబీ గేమ్ అంటే నెల. గేమ్ కొన్న స్నేహితుడు ఎవరైనా ఉంటే ఇద్దరి లాప్‌టాప్‌లూ ఒకే వైఫైకి కలిపి, గేమ్స్ అమ్మే స్టీమ్‌లో లోకల్ నెట్‌వర్క్ ట్రాన్స్‌ఫర్ పెట్టుకోండి. గేమ్ ఇద్దరూ కొని ఉండాలి, డేటా మాత్రం ఒక్కసారి దించుకుంటే చాలు.

సింగరాయకొండ_టీచర్:
ఇంత గొడవ ఎందుకండీ, కొని చూడమనండి. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వాపసు ఇస్తారు. స్టీమ్ డెక్‌లో బాగా నడుస్తుందని ముద్ర ఉన్న గేమ్ ఎంచుకుంటే ఇంకా ధైర్యం. అది చేతిలో పట్టుకునే చిన్న మెషినే కదా.

మాగుంట_లేఅవుట్:
డెక్ చిన్నదే, కానీ అందులో 16 జీబీ వేగమైన మెమరీ ఉంది. తెర 1280 బై 800 మాత్రమే. 8 జీబీ లాప్‌టాప్‌కి ఆ ముద్రను పూర్తిగా నమ్మలేం.

వాపసు సంగతిలో కూడా చిక్కుంది. సర్వీస్ అన్న చెప్పినట్టు స్ట్రాటజీ గేమ్‌లో కష్టం మొదలయ్యేది రెండొందల టర్నుల తర్వాత. రెండు గంటల్లో అక్కడిదాకా ఎవరు పోతారు? అంతా బాగుందనుకుని ఉంచుకుంటాం. పదిహేను గంటలు కష్టపడి కట్టిన రాజ్యం చివర్లో నత్తనడక నడుస్తుంది, అప్పటికి వాపసు గడువు దాటిపోయి ఉంటుంది. నేను మొదట్నుంచీ జాగ్రత్త అంటున్నది అందుకే. కుర్రాళ్ళ డబ్బు పోకూడదనే నా బాధ కూడా.

ఒంగోలు_సర్వీస్:
ఇది మంచి పాయింట్. దీనికి దారుంది. సివిలైజేషన్ 6లో రెండు బెంచ్‌మార్క్‌లు ఉంటాయి. ఒకటి గ్రాఫిక్స్ కోసం, రెండోది ఏఐ, అంటే కంప్యూటర్ ఆడించే రాజుల లెక్కల కోసం. ఏఐది నడిపితే ఆట ముదిరిన దశలో ఒక్కో టర్న్‌కి సగటున ఎంతసేపు పడుతుందో చూపిస్తుంది. కొన్న రోజే నడిపేయొచ్చు. బెంచ్‌మార్క్ లేని గేమ్స్‌కైతే బాగా ముదిరిన సేవ్ ఫైల్ ఎవరినైనా అడిగి తెచ్చుకుని, మొదటి గంటలోనే అది తెరిచి పది టర్నులు తిప్పి చూడండి. నాలుగు కత్తులు, ఇద్దరు రైతులతో మొదటి మ్యాప్ తిరిగి చూస్తే మెషిన్ సత్తా తెలియదు.

మరీ పెద్ద మ్యాప్, పన్నెండు మంది రాజులు పెట్టుకోకుండా చిన్న మ్యాప్, ఆరుగురు పెట్టుకుంటే ఆట రుచి తగ్గదు. నాకైతే ఇరుకు మ్యాప్‌లోనే యుద్ధం బాగుంటుంది.

కావలి_బీటెక్:
అందరికీ చాలా థాంక్స్. చూశాను. స్లాట్స్ యూజ్డ్ దగ్గర 1 ఆఫ్ 2 అని ఉంది. డిస్‌ప్లే అడాప్టర్ దగ్గర ఇంటెల్ యూహెచ్‌డీ అనే ఉంది. ఇంకో 8 జీబీ వేయిస్తే సరిపోతుందా? ఈమధ్య ర్యామ్ ధరలు కూడా బాగా పెరిగాయంటున్నారు.

ఒంగోలు_సర్వీస్:
పెరిగిన మాట నిజమే. అయినా కొత్త లాప్‌టాప్ ధరతో పోలిస్తే అది చాలా తక్కువ. ఇప్పుడున్న స్టిక్ మీద ఎంత వేగం రాసుందో చూసి అదే వేగం, అదే సైజు తీసుకో. కొనే ముందు వారంటీ కాగితం చదువు, వెనక మూత విప్పితే వారంటీ పోతుందేమో కనుక్కో. ర్యామ్ కంటే ముందు ట్రయాంగిల్ స్ట్రాటజీ లాంటి తేలికపాటిది ఒకటి ఇప్పుడున్న 8 జీబీ మీదే ఆడి చూడు. నీకు అది చాలనిపిస్తే ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టొద్దు.

మాగుంట_లేఅవుట్:
16 జీబీ అయ్యాక సివ్ 6 వరకు నాకూ అభ్యంతరం లేదు. సివ్ 7 విషయంలో మాత్రం నా మాట మార్చుకోను. కనీస అవసరాల్లో రాసిన కార్డు లేకుండా పూర్తి ధర పెట్టొద్దు తమ్ముడూ. డిస్కౌంట్ వచ్చేదాకా ఆగు. ఆలోపు అప్‌డేట్‌లు కూడా వస్తాయి.

సింగరాయకొండ_టీచర్:
పూర్తి ధర పెట్టొద్దన్న దానికి నేనూ సరే. కానీ బాబూ, లోపలి గ్రాఫిక్స్ మీద సివ్ 7 ఆడి చూసినవాళ్ళు ఎవరైనా ఇక్కడ ఉంటే వాళ్ళ మాట విన్నాకే ఆశ వదులుకో. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 4కి కూడా గేమింగ్ కార్డు లేందే కుదరదని చాలామంది అనుకున్నారు. దాని కనీస అవసరాల్లో రాసింది ఆరో తరం ఐ5, ఇంటెల్ హెచ్‌డీ 520. ఆఫీసు లాప్‌టాప్‌ల్లో ఉండే చిప్ అది.

మార్కాపురం_మల్టీప్లేయర్:
ర్యామ్ వేయించాక బెంచ్‌మార్క్ స్కోర్ ఇక్కడ పెట్టు తమ్ముడూ. 1000 దాటితే ఆదివారం రాత్రి మా మ్యాచ్‌లో ఒక చోటు ఖాళీగా ఉంది.