జరిమానా 'విధించబడును' అనాలా, 'వేస్తాం' అనాలా?

(మాట్లాడుతున్నవాళ్లవి మారుపేర్లు.)

లాసన్స్‌బే: అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బోర్డు పెట్టాలి. పెయింటర్ పంపిన నమూనా: 'ఇచ్చట చెత్త వేసినచో రూ.500 జరిమాన విధించబడును'. 'విధించడం' కోర్టు మాట, మనం వాడకూడదని కమిటీలో ఒకరి అభ్యంతరం. 'చెత్త వేస్తే జరిమానా వేస్తాం' అంటే రెండు వేయడాలు ఎబ్బెట్టుగా ఉన్నాయి. ఏం రాయించమంటారు?

అచ్చుతప్పు: విధించడం కోర్టు సొత్తేం కాదండీ. విధి అంటే నియమం. నియమం పెట్టే అధికారం ఉన్నవాళ్లు ఎదుటివాళ్ల మీద భారం మోపితే అది విధించడం. అందుకే పన్ను, కర్ఫ్యూ, నిషేధం, షరతు అన్నీ విధిస్తారు. బహుమతిని ఎవరూ విధించరు. మీ బైలాల్లో, అంటే అపార్ట్‌మెంట్ సంఘం నియమావళిలో, జరిమానా నిబంధన ఉంటే నిక్షేపంగా వాడండి. లేకపోతే ఏ క్రియ రాసినా వసూలు కష్టమే, అది వేరే సంగతి.

అసలు తప్పులొచ్చేది విభక్తి దగ్గర. 'శిక్షించు'కి మనిషే కర్మ: దోషిని శిక్షించారు. 'విధించు'కి శిక్ష కర్మ, మనిషికి 'కి' చేరుతుంది: దోషికి మూడేళ్ల జైలు విధించారు. ఈ రెండూ కలగలిసి 'దోషిని జైలుశిక్ష విధించారు' అని తయారవుతుంది. ఎవరు విధించారో చెప్పనక్కర్లేనప్పుడు 'విధించబడింది' దేనికి? 'శిక్ష పడింది' అంటే సరి.

దస్తావేజు: వార్తలు రాసేవాళ్ల కోసం ఒక మాట. 'రిమాండ్ విధించారు' అని తెగ రాస్తున్నారు. రిమాండ్ అంటే కేసు తేలేలోపు నిందితుణ్ని కస్టడీలో ఉంచడం. అది శిక్ష కాదు, నేరం ఇంకా తేలలేదు. 'రిమాండ్‌కు పంపారు' చాలు. నేరం రుజువై నిందితుడు దోషి అయ్యాకే శిక్ష విధింపు. 'ఉరిశిక్ష ఖరారు' కూడా చూసి వాడాలి. సెషన్స్ కోర్టు విధించిన మరణశిక్షను హైకోర్టు ధ్రువీకరిస్తేనే అమలు చేయొచ్చు. కింది కోర్టు తీర్పు రోజే ఖరారంటే ఎలా?

పాత శిక్షాస్మృతి (ఐపీసీ) స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 4వ సెక్షన్‌లో సమాజ సేవ కూడా శిక్షల జాబితాలో చేరింది. 'సమాజ సేవ విధించారు' అంటే చెవికి వింతే గానీ తప్పు కాదు.

జగదాంబ జంక్షన్: రోడ్డు మీద 'ఫైన్ వేశారు', 'చలానా రాశారు' అంటాం. చలానా అసలు డబ్బు కట్టే చీటీ, దాన్ని విధించరు.

బోర్డుకి క్రియే అక్కర్లేదు: 'ఇక్కడ చెత్త వేస్తే రూ.500 జరిమానా'. అక్షరాలు పెద్దవి పడతాయి. అన్నట్టు, నమూనాలో 'జరిమాన' అని ఉంది, చివర దీర్ఘం పెట్టించండి.