టెక్సాస్‌లో నాన్-మెడికల్ హోమ్ కేర్ ఏజెన్సీ పెట్టాలంటే లైసెన్స్ కావాలా?

కొత్త_అడుగు:
అందరికీ నమస్కారం. మేం డాలస్ వైపు ఉంటాం. పెద్దవాళ్ళ ఇళ్ళకే వెళ్ళి సాయం చేసే ఏజెన్సీ పెట్టాలని ఉంది. నర్సింగ్ పని కాదు. స్నానం, బట్టలు మార్చడం, వంట, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళడం, తోడుగా ఉండటం, అంతే. ఒక అడల్ట్ డే కేర్‌లో పని చేసిన అనుభవం ఉంది. హెచ్-4 ఈఏడీ (డిపెండెంట్ వీసా మీద వచ్చే వర్క్ పర్మిట్) మీద ఉన్నాను, మావారిది హెచ్-1బీ వర్క్ వీసా. ఒక కన్సల్టెంట్ పాలసీ మాన్యువల్ (ఏజెన్సీ పని ఎలా చెయ్యాలో రాసుకునే నియమాల పుస్తకం)తో సహా అన్నీ తనే చూసుకుంటానంటున్నారు, అడిగిన మొత్తం వింటే టెన్షన్ వచ్చింది. కాలిఫోర్నియాలో ఉండే మా అక్క చెప్పే రూల్స్ ఇంకోలా ఉన్నాయి. మెడికల్ కాదు కదా, అసలు లైసెన్స్ కావాలా? ఎక్కడ మొదలుపెట్టాలి?

పీఏఎస్_అడ్మిన్:
కావాలి చెల్లీ. నేను ఇదే పనిలో ఉన్నాను కాబట్టి వివరంగా రాస్తున్నా.

మెడికల్ కాకపోయినా స్నానం చేయించడం, బట్టలు మార్చడం, బాత్రూమ్‌కి నడిపించడం వచ్చిందంటే టెక్సాస్‌లో లైసెన్స్ ఉండాల్సిందే. దాన్ని హెచ్‌సీఎస్ఎస్ఏ (హోమ్ అండ్ కమ్యూనిటీ సపోర్ట్ సర్వీసెస్ ఏజెన్సీ) లైసెన్స్ అంటారు. అందులో మీ కేటగిరీ పీఏఎస్, అంటే పర్సనల్ అసిస్టెన్స్ సర్వీసెస్. ఇచ్చేది టెక్సాస్ హెల్త్ అండ్ హ్యూమన్ సర్వీసెస్ కమిషన్, అప్లికేషన్ వాళ్ళ టులిప్ అనే ఆన్‌లైన్ పోర్టల్‌లో పెట్టాలి. దానికి ముందు ఎల్ఎల్‌సీగా కంపెనీ రిజిస్టర్ చేసుకుని (సెక్రటరీ ఆఫ్ స్టేట్‌కి 300 డాలర్లు), ఫెడరల్ ట్యాక్స్ శాఖ ఐఆర్ఎస్ నుంచి ఈఐఎన్ (బిజినెస్ ట్యాక్స్ నంబర్) తెచ్చుకోండి. ఈఐఎన్ ఫ్రీ. "వంట, తోడు మాత్రమే పెట్టుకో, లైసెన్స్ గొడవ ఉండదు" అని ఎవరైనా చెప్తే వినకండి. తోడు కోసం పిలిచినవాళ్ళే కొన్నాళ్ళకి "అమ్మకి స్నానం కూడా చేయించండి" అంటారు. అప్పుడు కాదనడం చాలా కష్టం.

ఒక అడ్మినిస్ట్రేటర్, ఒక ఆల్టర్నేట్ అడ్మినిస్ట్రేటర్ ఉండాలి. ఇద్దరూ ప్రీసర్వే ట్రైనింగ్ (స్టేట్ వాళ్ళ తనిఖీకి ముందు చెయ్యాల్సింది, ఆ తనిఖీనే సర్వే అంటారు) పూర్తి చెయ్యాలి. మొదటిసారి అడ్మినిస్ట్రేటర్ అయ్యేవాళ్ళకి 24 గంటల ట్రైనింగ్ ఉంటుంది, అందులో 8 గంటలు ఆ బాధ్యత తీసుకునేలోపే అయిపోవాలి. ఇక్కడొక ముఖ్యమైన మాట. మీవారిది హెచ్-1బీ అన్నారు కదా, ఆల్టర్నేట్‌గా ఆయన పేరు రాయకండి. ఆ వీసా మీద స్పాన్సర్ చేసిన కంపెనీకి తప్ప బయట పని చెయ్యకూడదు, సొంత ఇంటివాళ్ళ బిజినెస్ అయినా సరే. మీ ఈఏడీ మీద మీరు చెయ్యొచ్చు, కానీ దాని గడువు తేదీ ఎప్పుడూ కళ్ళముందుంచుకోండి.

మాన్యువల్ సంగతి. మొత్తం రూల్స్ టెక్సాస్ అడ్మినిస్ట్రేటివ్ కోడ్, టైటిల్ 26, చాప్టర్ 558లో ఉన్నాయి, ఆన్‌లైన్‌లో ఎవరైనా చదవొచ్చు. కన్సల్టెంట్‌ని పెట్టుకున్నా సరే, ముందు అది మీరు చదవండి. లైసెన్స్ వచ్చాక ఆరు నెలల్లోపు కనీసం ఒక క్లయింట్‌కి సర్వీస్ మొదలుపెట్టి, సర్వే కోసం రిక్వెస్ట్ పెట్టాలి. సర్వేయర్ మీ మాన్యువల్ ఎంత లావుందో చూడరు. క్లయింట్ ఫైల్ తీసి, మాన్యువల్లో రాసుకున్నది చేశారా లేదా అని చూస్తారు. నర్సులుండే హోమ్ హెల్త్ ఏజెన్సీ కోసం రాసిన మాన్యువల్‌ని పేరు మార్చి అమ్మేవాళ్ళున్నారు. అందులో "నర్సు ఇన్ని రోజులకోసారి ఇంటికొచ్చి చూస్తారు" అని ఉంటుంది. మీ దగ్గర నర్సే ఉండరు, ఆ విజిట్ పేపర్ ఎక్కడినుంచి చూపిస్తారు? చెయ్యగలిగింది మాత్రమే రాసుకోండి.

లైసెన్స్ గురించి అందరూ అడుగుతారు. పొద్దున్నే అటెండెంట్ ఫోన్ చేసి "ఇవాళ రాలేను" అంటే ఎవరు వెళ్తారని మాత్రం ఎవరూ అడగరు. నా దృష్టిలో ఈ బిజినెస్ అంటే అదే. అవతల ఇంట్లో పెద్దావిడ తడిసిన పక్క మీదే ఉంటారు, కూతురు డ్యూటీకి వెళ్ళడానికి తలుపు దగ్గర నిలబడి ఉంటుంది. మనిషి రాకపోతే సర్వీస్ ఎలా ఇస్తారో పాలసీ రాసుండాలని చాప్టర్ 558 కూడా అంటుంది. కాబట్టి మొదటి క్లయింట్‌ని ఒప్పుకునేముందే ఇద్దరు అటెండెంట్లని తీసుకోండి. మా దగ్గర ప్రతి కొత్త క్లయింట్ ఇంటికీ మొదటి వారంలోనే ఆ రెండో మనిషి కూడా వెళ్ళి పని చూస్తుంది. వాకర్ మంచానికి ఏ వైపు పెట్టాలి, ఏ కాలు బలహీనం, ఆవిడ లేచేటప్పుడు చెయ్యి పట్టుకోనిస్తారా లేక నడుం బెల్ట్ వెయ్యాలా, చెవి మిషన్ ఏ డ్రాయర్లో ఉంటుంది, ఇవన్నీ కళ్ళతో చూస్తేనే వస్తాయి. ఫైల్ చదివితే రావు. రెండో మనిషికి కూడా జీతం ఇవ్వాలి కదా అని వెనకాడకండి. ఇద్దరికీ వీలుకాని రోజు నేనే వెళ్తాను.

మందుల విషయంలో కుటుంబంతో మొదటిరోజే తేల్చుకోండి. టైం గుర్తుచెయ్యడం, సీసా మూత తీసి ఇవ్వడం వరకే మావాళ్ళ పని. పిల్ బాక్స్ నింపడం, ఇన్సులిన్ ఇవ్వడం మా ఏజెన్సీలో చెయ్యం, అది అగ్రిమెంట్‌లోనే రాస్తాం.

పనిలో పెట్టుకునేముందు క్రిమినల్ హిస్టరీతో పాటు ఎంప్లాయీ మిస్‌కాండక్ట్ రిజిస్ట్రీ (పేషెంట్లతో తప్పుగా ప్రవర్తించినవాళ్ళ స్టేట్ లిస్ట్), నర్స్ ఎయిడ్ రిజిస్ట్రీ (నర్సు సహాయకుల లిస్ట్) చెక్ చెయ్యాలి. ఈ రెండు రిజిస్ట్రీలూ ఏటా మళ్ళీ చూడాలి. ఎమర్జెన్సీ ప్లాన్ కూడా లాంఛనం అనుకోకండి. 2021 ఫిబ్రవరి చలి తుఫానులో రోజుల తరబడి కరెంట్ లేదు. ఆక్సిజన్ మిషన్ మీద ఉన్నవాళ్ళెవరు, ఒంటరిగా ఉన్నవాళ్ళెవరు అనే లిస్ట్ ముందే ఉండాలి.

లెక్కల_మనిషి:
పీఏఎస్_అడ్మిన్ అక్క చెప్పినదానికి జీతాల సంగతి కలుపుతున్నాను. అటెండెంట్లకి 1099 (ఉద్యోగులు కాని కాంట్రాక్టర్లకి ఇచ్చే ట్యాక్స్ ఫారం) ఇచ్చి పని కానిద్దాం అనుకోకండి. టైం, పని, పద్ధతి అన్నీ మీరే నిర్ణయిస్తారు కాబట్టి వాళ్ళు మీ ఉద్యోగులే, ఉద్యోగుల ఫారం డబ్ల్యూ-2 ఇవ్వాలి. 2013లో వచ్చి 2015లో అమలైన ఫెడరల్ రూల్ ప్రకారం ఏజెన్సీలు వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు కట్టాలి. 2025లో లేబర్ డిపార్ట్‌మెంట్ దాన్ని వెనక్కి తీసుకుంటామని ప్రతిపాదించింది, మొదలుపెట్టే ముందు ప్రస్తుత స్థితి చూసుకోండి. ఒకే రోజు ఒక క్లయింట్ ఇంటి నుంచి ఇంకో క్లయింట్ ఇంటికి వెళ్ళే టైం కూడా పని గంటల్లోకే వస్తుంది, చాలామంది మర్చిపోయేది ఇదే. టెక్సాస్‌లో వర్కర్స్ కాంప్ (పనిలో దెబ్బ తగిలితే కవర్ చేసే ఇన్సూరెన్స్) తప్పనిసరి కాదు. అయినా తీసుకోండి అన్నా వినరు కొందరు. మనుషుల్ని ఎత్తి కూర్చోబెట్టే పనిలో నడుం పట్టేయడం మామూలు.

బే_ఏరియా_నుంచి:
మీ అక్కగారు చెప్పేది తప్పు కాదండి, ఇక్కడి చట్టం వేరు. కాలిఫోర్నియాలో హోమ్ కేర్ ఆర్గనైజేషన్ లైసెన్స్ సోషల్ సర్వీసెస్ డిపార్ట్‌మెంట్ ఇస్తుంది, 2016 జనవరి నుంచి అమల్లో ఉంది. ప్రతి ఎయిడ్‌నీ (ఇంటికెళ్ళి పని చేసేవాళ్ళని) స్టేట్ రిజిస్ట్రీలో నమోదు చేయించాలి, 10,000 డాలర్ల ఎంప్లాయీ డిజానెస్టీ బాండ్ (ఉద్యోగి దొంగతనం, మోసం చేస్తే నష్టం కట్టే హామీ) ఉండాలి. ఫ్లోరిడాలో అయితే హోమ్‌మేకర్-కంపానియన్ రిజిస్ట్రేషన్ ఒకటుంది, దాని మీద ఒంటికి సంబంధించిన సాయం ఏదీ చెయ్యకూడదు. ఏ రాష్ట్రంలో పని చేస్తే ఆ రాష్ట్రం పేజీయే చదవండి.

కొత్త_అడుగు:
అక్కా, అందరికీ చాలా థాంక్స్. ఇంకొక్కటి. డబ్బులు మెడికేర్ (పెద్దవాళ్ళకి ఉండే ఫెడరల్ ఆరోగ్య ఇన్సూరెన్స్) నుంచి వస్తాయా?

పీఏఎస్_అడ్మిన్:
రావు. ఇలా రోజువారీ సాయం మాత్రమే కావాలంటే మెడికేర్ కట్టదు. కుటుంబం సొంతంగా కట్టేది, లాంగ్ టర్మ్ కేర్ ఇన్సూరెన్స్, మాజీ సైనికులకి వచ్చే ఎయిడ్ అండ్ అటెండెన్స్, మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి ప్రభుత్వ ఆరోగ్య పథకం)లో టెక్సాస్ నడిపే స్టార్ ప్లస్, ఇవీ దారులు. స్టార్ ప్లస్‌కి మేనేజ్డ్ కేర్ కంపెనీలతో (స్టేట్ తరఫున ఆ పథకం చూసే ఇన్సూరెన్స్ కంపెనీలు) కాంట్రాక్ట్ కావాలి, ఆ డబ్బు చేతికొచ్చేదాకా జీతాలు మీరే కట్టాలి. అందుకే సొంతంగా కట్టే కుటుంబాలతో మొదలుపెట్టండి. ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళొస్తే లైసెన్స్ కాపీ, రోజువారీ కేర్ నోట్స్ అడుగుతారు. ఏ పని ఏ టైంకి చేశారో అటెండెంట్ అదే రోజు రాయడం మొదటి షిఫ్ట్ నుంచే అలవాటు చేయించండి. చాప్టర్ 558 చదివాక సందేహాలుంటే ఇక్కడే రాయండి, చూస్తూ ఉంటాను.